పదకొండు నెలల పాప రాత్రిళ్లు లేచి నిలబడుతోంది, పాకడం లేదు: ఈ రెండింటికీ సంబంధం ఉందా?

ప్రశ్న: నల్లగండ్ల అమ్మ

అందరికీ నమస్కారం. మా పాపకు పదకొండు నెలలు నిండాయి. తొమ్మిదో నెల దాకా రాత్రి ఒక్కసారి పాలకు లేచి, తాగి, మళ్లీ తెల్లవారే వరకు పడుకునేది. ఇప్పుడు రెండు మూడుసార్లు లేవడమే కాక, లేచిన ప్రతిసారీ క్రిబ్ ఊచలు పట్టుకుని నిలబడి, కళ్లు పూర్తిగా తెరవకుండానే ఏడుస్తోంది. పడుకోబెడితే వీపు పరుపుకు ఆనీ ఆనకముందే బోర్లా తిరిగి, మోకాళ్ల మీదికి లేచి, మళ్లీ ఊచ అందుకుంటుంది. భుజాన వేసుకుని హాల్లో తిప్పితేనో, పాలు పడితేనో తప్ప కన్ను మూయడం లేదు.

నేను ఉద్యోగంలో తిరిగి చేరాను కాబట్టి పాప పగలంతా గచ్చిబౌలిలోని ఒక క్రెష్‌లో ఉంటుంది. అక్కడ ఉదయం పదిన్నరకు ఒక గంట, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా మరో కునుకు తీస్తుందని ఆయా చెబుతుంది. మా వారు ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటుతుంది. పాపతో కాసేపు ఆడుకోవాలని ఆయనకూ ఉంటుంది కదా, అందుచేత తను పక్క మీదికి చేరేది పదిన్నరకు. ఉదయం ఏడున్నరకు లేస్తుంది.

రెండో దిగులు ఎదుగుదల గురించి. మా పాప ఇంతవరకు చేతులూ మోకాళ్లూ ఆనించి పాకలేదు. కూర్చున్నచోటి నుంచి డేకుతూ ఇల్లంతా తిరుగుతుంది. సోఫా పట్టుకుని నిలబడుతుంది కానీ పక్కకు అడుగు వేయదు. ‘తాతతాత’, ‘అత్తత్త’ అంటుంది, అయితే ఎవరినో ఉద్దేశించి పిలుస్తున్నట్టు ఉండదు. టాటా చెబుతుంది, ‘తారంగం’ అనగానే చేతులు తిప్పుతుంది. మా ఎదురు ఫ్లాట్‌లో పది నెలల బాబు అప్పుడే నడిచేస్తున్నాడు. డేకే పిల్లలకు నడక ఆలస్యమవుతుందని, వాకర్ కొంటే సరిపోతుందని మా అత్తగారు అంటున్నారు. క్రెష్‌లో పరిచయమైన ఒకావిడ రాత్రిపూట జలుబు సిరప్ కొద్దిగా పడితే హాయిగా పడుకుంటుందని చెప్పింది. అది వేయడానికి నాకు చేయి రావడం లేదు.

నిద్ర ఇలా తెగిపోతూ ఉంటే ఎదుగుదల వెనకబడుతుందా? రాత్రి పాలు మాన్పించాలా? అనుభవం ఉన్నవారు, వైద్యులు ఎవరైనా వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

జవాబు: మల్కాజిగిరి అమ్మమ్మ

అమ్మా, నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నిద్ర సంగతి డాక్టర్లకు వదిలేసి, పాకడం గురించీ వాకర్ గురించీ మాత్రం రాస్తాను.

బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు అని మన పెద్దలు ఒక్కొక్క ముచ్చటకూ ఒక్కొక్క పిండివంట చేసి వీధిలో పంచేవారు. ఆ వరుస చూసి, పిల్లలందరూ ఒకే క్రమంలో, ఒకే నెలలో ఇవన్నీ చేసి తీరాలని కొందరు అనుకుంటారు. అది పండుగల వరుసే తప్ప పిల్లల వరుస కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దక్షిణ ఢిల్లీతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న 816 మంది పిల్లలను గమనించి, ఏ విద్య ఏ వయసులో వస్తుందో 2006లో ప్రకటించింది. ఊతం లేకుండా నడవడం 8.2 నెలలకు మొదలుపెట్టిన పిల్లలు ఉన్నారు, 17.6 నెలల దాకా ఆగినవారూ ఉన్నారు, ఇద్దరూ మామూలు పిల్లలే. మీ ఎదురింటి బాబు ముందు కొసన ఉన్నాడు, అంతే. చేతులూ మోకాళ్ల మీద పాకడం 5.2 నుంచి 13.5 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. నూటికి నలుగురైదుగురు పిల్లలు అసలు అలా పాకనే పాకలేదని ఆ పరిశీలనలోనే తేలింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో తన ఎదుగుదల పట్టికను సవరించినప్పుడు పాకడాన్ని అందులోంచి పూర్తిగా తీసేసింది. ఈ తీసివేత గురించి అక్కడి ఫిజియోథెరపిస్టులు కొందరు అభ్యంతరం చెప్పారు కానీ, పాకనంత మాత్రాన బిడ్డలో లోపం ఉన్నట్టు కాదనే మాటలో భేదాభిప్రాయం లేదు.

మీ అత్తగారి మాటలో ఒక సగం నిజం. డేకే పిల్లలు పాకే పిల్లలకంటే కొన్ని నెలలు ఆలస్యంగా నడవడం తరచుగా చూస్తాం. మీ వారో, మీ ఆడపడుచో చిన్నప్పుడు డేకారేమో ఆవిడనే అడిగి చూడండి. ఈ అలవాటు చాలా ఇళ్లలో కుటుంబపరంగా వస్తుంది. రెండో సగం మాత్రం ఒప్పుకోలేను. వాకర్‌లో కూర్చున్న పిల్ల బరువును సీటు మోస్తుంది, పిల్ల మునివేళ్లతో నేలను తన్నుతుంది. నడకకు కావలసిన నడుము బలం, తూకం నిలుపుకోవడం దానిలో అలవడవు, పైగా నడక ఇంకా వెనక్కి పోవచ్చు. అంతకుమించిన భయం ఏమిటంటే, చక్రాల మీద ఉన్న పాప మీరు చేయి చాచేలోపు గదిలో ఆ చివరికి చేరుతుంది, మెట్ల దగ్గరికి, వేడి గిన్నె దగ్గరికి, ఇస్త్రీపెట్టె తీగ దగ్గరికి. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. పాప గట్టిగా నిలబడడం మొదలుపెట్టాక, పక్కన ఒక మనిషి ఉండగా, మన పాత మూడు చక్రాల చెక్కబండి తోయించండి. అది పిల్ల బరువును పిల్ల కాళ్ల మీదే ఉంచుతుంది. అంతవరకూ సోఫా మీద ఒక చివర తనకిష్టమైన గిన్నె, చెంచా పెట్టి, ఇంకో చివర పాపను నిలబెట్టి చూడండి. గిన్నె కోసం పక్కకు జరగడం దానంతట అదే వస్తుంది. సాక్సులు వద్దు, గ్రానైట్ గచ్చు మీద వట్టి పాదాలే మేలు.

జవాబు: హిమాయత్‌నగర్ పిల్లల డాక్టర్

నల్లగండ్ల అమ్మ గారికి. పాపను చూడకుండా చెప్పగలిగినంత మేరకే ఈ జవాబు. పై ఆవిడ నడక గురించి రాసినదానితో ఏకీభవిస్తూ నిద్ర దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మీరు రాసిన వేళలను కూడితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

రాత్రి పదిన్నర నుంచి ఏడున్నర వరకు 9 గంటలు, మెలకువల్లో పోయేది తీసేస్తే సుమారు ఎనిమిదిన్నర. పగలు రెండున్నర. మొత్తం 11 గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 4 నుంచి 11 నెలల వయసులో పగటి కునుకులతో కలిపి 12 నుంచి 16 గంటలు, ఏడాది దాటాక 11 నుంచి 14 గంటలు నిద్ర ఉండాలి. అంటే మీ పాప కింది హద్దుకు కొద్దిగా దిగువన ఉంది. ఇది కంగారు పడవలసిన లోటు కాదు, సరిచేయడానికి వీలున్న లోటు. ఉదయం పదకొండున్నరకు కునుకు ముగించిన పాప మళ్లీ నాలుగున్నర దాకా, అంటే ఐదు గంటలు మేలుకుని ఉంటోంది. ఈ వయసు పిల్లల్లో చాలామంది మూడు నుంచి నాలుగు గంటలకు మించి హాయిగా మేలుకుని ఉండలేరు. ఆ తర్వాత ఆరింటిదాకా పడుకోవడం వల్ల రాత్రి నిద్ర దానంతట అదే వెనక్కి జరుగుతోంది. మీ వారి రాకను అందరూ తప్పుపడతారేమో గానీ, నన్నడిగితే ఆ సాయంత్రపు కునుకునే మొదట కదిలించాలి.

రెండో కునుకు మధ్యాహ్నం రెండు, రెండున్నర ప్రాంతంలో మొదలై నాలుగింటికి ముగిసేలా క్రెష్‌వారితో మాట్లాడండి. అప్పుడు పాప ఎనిమిది, ఎనిమిదిన్నరకు నిద్రకు సిద్ధమవుతుంది. మార్పు ఒక్కరోజులో వద్దు, రెండు మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. తండ్రితో ఆట ఉదయానికి మారితే పాపకు పోయేదేమీ లేదు. పైగా రాత్రి తొమ్మిదింటికి నాన్నను చూసిన ఉత్సాహంలో ఉన్న పిల్లను పదిన్నరకు నిద్రపుచ్చడం ఎవరివల్లా కాదు.

ఇక క్రిబ్‌లో నిలబడడం. శిశువుల నిద్ర సుమారు యాభై, అరవై నిమిషాల ఆవృత్తులుగా సాగుతుంది. ఒక్కో ఆవృత్తి ముగింపులో అందరు పిల్లలూ కొద్దిగా కదిలి, సగం మేలుకుని, మళ్లీ నిద్రలోకి జారుతారు. కొత్తగా శరీరవిద్య ఏదైనా నేర్చుకుంటున్న రోజుల్లో ఆ సగం మెలకువలోనే చేతులు, కాళ్లు పగటి పనిని మొదలుపెడతాయి. పాకడం మొదలయ్యే కాలంలో పిల్లల రాత్రి మెలకువలు పెరగడాన్ని ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయ పరిశోధకులు నమోదు చేశారు. నిలబడడం నేర్చిన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది: లేవడం ముందు వస్తుంది, కూర్చోవడం తర్వాత వస్తుంది. నడిరాత్రి పాప ఏడ్చేది ఆకలితో కాకపోవచ్చు, దిగడం తెలియక కావచ్చు. అందుచేత పగటిపూట, మెలకువగా ఉన్న సమయంలో, సోఫా దగ్గర నిలబడిన పాప మోకాలి వెనక మెల్లగా తట్టి, మోకాళ్లు వంచి, ఒక చేయి నేలకు అందేలా దించడం సాధన చేయించండి. బొమ్మను నేల మీద పెడితే దానికోసం తనే వంగుతుంది. ఇది వచ్చిన తర్వాత రాత్రి నిలబడి ఏడ్వడం చాలా ఇళ్లలో తగ్గిపోతుంది.

వీటికితోడు, ఎనిమిదో నెల నుంచి ఏడాది లోపు, కంటికి కనిపించకపోయినా వస్తువు ఉంటుందని, మనిషి ఉంటుందని పిల్లలకు అర్థమవడం మొదలవుతుంది. కొంగు కింద దాచిన గిన్నెను వెతికి తీసే తెలివే, అమ్మ పక్క గదిలో ఉందని గుర్తుపట్టి పిలిచే తెలివి కూడా. పైగా మీరు మళ్లీ ఉద్యోగానికి వెళుతున్నారు. పగలు ‘బూచి’ ఆడండి. ఉదయం క్రెష్ దగ్గర చెప్పకుండా జారుకోకుండా, టాటా చెప్పి, ముద్దు పెట్టి, తిరిగి చూడకుండా వెళ్లండి. ఆ క్షణంలో ఏడ్చినా అదే మంచిది.

నిద్ర తెగితే మెదడు ఎదగదేమో అన్న మీ భయానికి సూటిగా జవాబు. కెనడాలో వందలాది శిశువులను పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఏడాది వయసు పిల్లల్లో సుమారు 28 శాతం మంది రాత్రి వరుసగా ఆరు గంటలు కూడా పడుకోవడం లేదు. అలా పడుకోని పిల్లలకూ, పడుకునే పిల్లలకూ మధ్య మానసిక, శారీరక ఎదుగుదలలో తేడా కనిపించలేదు. రాత్రి లేవడం వేరు, రోజంతటికీ కలిపి నిద్ర చాలకపోవడం వేరు. మీరు చూసుకోవలసింది రెండోదాన్ని.

రాత్రి పాల విషయంలో ‘మాన్పించాలా’ అని అడిగారు. ఈ వయసులో బరువు బాగున్న పిల్లలకు రాత్రి పాలు ఆకలి కోసం సాధారణంగా అవసరం ఉండవు, అలాగని రాత్రి ఒకసారి తల్లిపాలు తాగడంలో తప్పేమీ లేదు. చిక్కు పాలతో కాదు, పాలు తాగుతూనే నిద్రపోవడంతో వస్తుంది. ఏ ఊతంతో నిద్రపోయిందో, ఆవృత్తి చివర మెలకువ వచ్చినప్పుడు అదే ఊతం కోసం పాప వెతుకుతుంది. చివరి పాలు పక్కగదిలో, దీపం వెలుతురులో ఇచ్చి, చిగుళ్లు, పళ్లు తుడిచి, జోలపాట పాడి, కళ్లు బరువెక్కిన దశలో పక్క మీద వేయండి. జోకొట్టండి, చేయి గుండె మీద ఉంచండి, ఒళ్లోకి మాత్రం వెంటనే తీసుకోకండి. ఏడ్వనిచ్చి వదిలేసే పద్ధతుల గురించి ఎవరో ఒకరు ఇక్కడ రాస్తారు కాబట్టి చెబుతున్నాను: పాప ఏడ్చినప్పుడు దగ్గరికి వెళ్లేముందు ఆగే వ్యవధిని కొంచెం కొంచెంగా పెంచే పద్ధతి వల్ల హాని కనబడలేదని 2016లో ఆస్ట్రేలియా నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. కానీ అత్తమామలు పక్కగదిలో, గోడ అవతల మరో కుటుంబం ఉండే మన ఫ్లాట్లలో దాన్ని మూడోరాత్రి దాకా కొనసాగించినవారిని నేను ఎక్కువగా చూడలేదు. సగంలో వదిలేసే పద్ధతికంటే, మీరు నిలుపుకోగలిగిన మెత్తని పద్ధతే మంచిది.

జలుబు సిరప్ మాత్రం వద్దు. మీ చేయి రాకపోవడం సరైన సంకోచమే. వాటిలో మత్తు కలిగించేది క్లోర్‌ఫెనిరమిన్. దాన్నీ ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్‌నూ కలిపిన మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. నిద్ర కోసం ఆ మందు ఏ వయసులోనూ కాదు.

మీరు రాసిన మిగతా గుర్తులు నాకు బాగానే అనిపించాయి. టాటా చెప్పడం, తారంగం ఆడడం, సోఫా పట్టుకుని లేవడం ఏడాదికి ఎదురుచూసే విద్యలే. నేలమీద పడ్డ మెతుకును బొటనవేలు, చూపుడువేలు కొసలతో ఏరుకుంటోందా? ‘వద్దు’ అంటే ఒక్క క్షణమైనా ఆగుతోందా? పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా? డబ్బాలో గవ్వో, మూతో వేస్తోందా? ఈ నాలుగూ చూసి రాయండి. పాప నెలలు నిండి పుట్టిందా, బరువెంత అన్నది కూడా రాయండి.

జవాబు: ఉప్పల్ నాన్న

డాక్టర్ గారి మాటలకు ఒక్క చిన్న చేర్పు, ఒక చిన్న విభేదం. దించడం నేర్పడంలో మా బాబుకు ఉపయోగపడింది ఎత్తు తక్కువ స్టూలు. సోఫా కంటే అది పొట్టిది కాబట్టి నేల దగ్గరగా కనిపించి, వాడు భయపడకుండా కూలబడడం నేర్చుకున్నాడు.

విభేదం క్రిబ్ గురించి. నిలబడే పిల్లకు ఊచలు ఉన్నంతకాలం నిలబడాలనే అనిపిస్తుంది. మేము నేల మీద పరుపు వేసి, గోడకు దూరంగా జరిపి, ముగ్గురం అక్కడే పడుకున్నాం. అందుకోవడానికి ఏమీ లేకపోతే వాడు రెండుసార్లు పొర్లి, మా చేయి తగలగానే పడుకునేవాడు. ఏప్రిల్, మే నెలల్లో గచ్చు చల్లదనం కూడా తోడయ్యేది. పట్టుకుని లేచే పిల్లలను చీర ఉయ్యాలలో వేసి వంటింట్లోకి వెళ్లడం మాత్రం చేయకండి. లేచి కూర్చుంటే దొర్లిపడతారు, గుడ్డ మెడకు చుట్టుకునే ప్రమాదం కూడా ఉంది.

జవాబు: నల్లగండ్ల అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. అడిగినవి చూశాను. మెతుకులు ఏరుతుంది, నేను చూడకముందే నోట్లో వేసుకుంటుంది కూడా. పేరు పిలిస్తే తిరుగుతుంది. ‘వద్దు’ అంటే ఆగి, నా ముఖం చూసి, నవ్వి, మళ్లీ అదే పని చేస్తుంది. డబ్బాలోంచి తీయడం ఇష్టం, వేయడం ఇంకా రాలేదు.

ముందు రాయనిది ఒకటుంది: పాప ఐదు వారాలు ముందుగా పుట్టింది. బరువు ఇప్పుడు బాగానే ఉందని మా డాక్టరు గారు చెప్పారు. మేము శాకాహారులం, గుడ్డు కూడా తినము. ఇంకా ఎక్కువగా నా పాల మీదే ఉంది, ఉగ్గు, పప్పన్నం రెండు మూడు ముద్దలకు మించి తినదు. నిద్రలో కాళ్లు బాగా విదిలిస్తుంది. వీటిలో ఏదైనా పట్టించుకోవలసింది ఉందా?

జవాబు: హిమాయత్‌నగర్ పిల్లల డాక్టర్

ఉంది. మొదటిది ఊరట కలిగించేది, రెండోది పరీక్ష చేయించవలసినది.

నెలలు తక్కువగా పుట్టిన పిల్లల ఎదుగుదలను రెండేళ్లు వచ్చేవరకూ పుట్టినరోజు నుంచి కాక, పుట్టవలసిన రోజు నుంచి లెక్కిస్తాం. ఆ లెక్కన మీ పాపకు పది నెలలు ఇంకా నిండలేదు. పది నెలల పాప డేకుతూ, పట్టుకుని లేస్తూ, టాటా చెబుతూ, మెతుకులు ఏరుతూ ఉంటే అందులో వెనకబాటు ఏదీ నాకు కనబడదు. పక్కకు అడుగులు, పిలుపులో అర్థం, డబ్బాలో వేయడం రాబోయే రెండు మూడు నెలల పనులు. నడక ఏడాదిన్నర దాకా రాకపోయినా ఆశ్చర్యపోకండి. టీకాలకు మాత్రం ఈ సవరణ వర్తించదు, అవి పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.

రెండోది రక్తం గురించి. నెలలు నిండకముందే పుట్టిన పిల్లలకు తల్లి నుంచి అందే ఇనుము నిల్వ తక్కువ. ఆరు నెలల తర్వాత తల్లిపాలలోని ఇనుము చాలదు, మీ పాపేమో అన్నం రెండు మూడు ముద్దలకు మించి తినడం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన దేశంలో 6 నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి, ఇది అరుదైన అనుమానం కాదు. ఇనుము లోటు ఉన్న పిల్లలు నిద్రలో అశాంతిగా కదులుతారు, కాళ్లు విదిలిస్తారు, పగలు చికాకుగా ఉంటారు. రక్తపరీక్షతో పాటు ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెర్రిటిన్ చూడమని మీ డాక్టరును అడగండి. ఇప్పటికే ఇనుము చుక్కలు రాసిచ్చి ఉంటే ఆపకుండా ఇస్తున్నారో లేదో చూసుకోండి. ప్రభుత్వ కార్యక్రమంలో 6 నెలల నుంచి ఐదేళ్ల వరకు వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున ఇనుము సిరప్ ఉచితంగా ఇస్తారు, మీ ప్రాంతపు ఆశా కార్యకర్తను అడగవచ్చు. అయితే రెండూ కలిపి ఇవ్వకుండా డాక్టరుతో తేల్చుకోండి. ఏడాది దాటాక గేదె పాలు, ఆవు పాలు లీటర్ల కొద్దీ పట్టకండి, రోజుకు అర లీటరు దాటితే పాలే అన్నాన్నీ ఇనుమునూ అడ్డుకుంటాయి.

మీరు గుడ్డు కూడా తీసుకోరన్నారు కాబట్టి బి12 గురించి కొంచెం నిలిచి చెప్పాలి. తల్లిలో బి12 తక్కువైతే పాలలోనూ తక్కువవుతుంది. అలాంటి పిల్లలు కొందరిలో ఐదారు నెలల తర్వాత, పాలిపోవడం, జుట్టు పలచబడి రంగు మారడం, వేళ్ల కణుపుల దగ్గర చర్మం నల్లబడడం, ఆటల మీద ఆసక్తి తగ్గడం, నేర్చిన పనులు ఒక్కొక్కటిగా మరిచిపోవడం, ఆపై చేతులు, తల వణకడం చూస్తాం. మీ పాప వర్ణన దీనికి ఏమాత్రం సరిపోదు, పైగా ముందుగా గుర్తిస్తే చికిత్స సులువు. అయినా మీ బి12 పరీక్ష ఒకసారి చేయించుకోండి. మీరు పెరుగు, పాలు తీసుకుంటున్నా అది చాలకపోవచ్చు.

ఏది కనబడితే వెంటనే వెళ్లాలన్నది కూడా రాసి ఉంచుతాను, చదివే మిగతావారికి పనికొస్తుంది. సవరించిన లెక్కలో తొమ్మిది, పది నెలలకు ఊతం లేకుండా కూర్చోలేకపోవడం, ఏడాదికి పట్టుకుని కూడా నిలబడలేకపోవడం, ‘బాబాబా’ వంటి పలుకులే లేకపోవడం, వేలితో చూపడం, టాటా, చేతులు చాచడం వంటి సైగలేవీ లేకపోవడం, పేరుకు స్పందించకపోవడం, ఎప్పుడూ ఒక చేతినే వాడి రెండోదాన్ని వదిలేయడం, ఒంట్లో ఒకవైపు బిగుసుకుపోయినట్టు ఉండడం. నిద్ర లేవగానే తల, చేతులు ఒక్కసారిగా ముందుకు ముడుచుకుపోయే కుదుపులు వరుసగా వస్తుంటే వీడియో తీసి ఆ రోజే చూపించాలి. వచ్చిన విద్య పోవడం ఏ వయసులోనైనా ఆగి చూడదగినది కాదు. నగరంలో ప్రభుత్వపరంగా నిలోఫర్ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ నీపిడ్‌లో చిన్నపిల్లల ఎదుగుదలను అంచనా వేసి, తొలిదశలోనే శిక్షణ ఇస్తారు.

ఉప్పల్ నాన్న గారి నేల పరుపుకు నాకు అభ్యంతరం లేదు. పరుపు గట్టిగా ఉండాలి, ఏడాది లోపు దిండు వద్దు, ఆవాల దిండైనా సరే. దుప్పటి ముఖం మీదికి రాకూడదు, పక్కన పడుకునేవారు పొగ, మద్యం తాగినవారు కాకూడదు, పాప మరీ నెలలు తక్కువ పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఆ ఏర్పాటు వద్దు. మీ పాప ఇప్పుడు ఆ దశ దాటింది. వెల్లకిలా పడుకోబెట్టండి, తనంతట తాను బోర్లా తిరిగితే పదేపదే తిప్పనక్కరలేదు.

జవాబు: కొంపల్లి నుంచి మరో అమ్మ

క్రెష్ గురించి మాత్రం. అక్కడ సాయంత్రం కునుకు వేయించడానికి ఒక కారణం ఉంటుంది: మూడింటికి బడి పిల్లలు వస్తారు, వాళ్లకు తినిపించి సర్దుకునేసరికి నాలుగున్నర అవుతుంది, అప్పుడు చిన్నపిల్లలు పడుకుంటే ఆయాలకు ఊపిరి తిరుగుతుంది. అది తెలియకుండా ‘వేళ మార్చండి’ అంటే వినరు. నేను ఆయాతోనే కూర్చుని, రెండింటికి ఏ గదిలో చప్పుడు తక్కువో అడిగి, ఆ మూల పరుపు వేయమని కోరాను. కునుకు వేళలు ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి సంచికి కుట్టాను. మొదటివారం సగం రోజులు పాటించలేదు. ఇంటికి తెచ్చేదారిలో కారులో పిల్లలు కునుకు తీస్తే ఆ రోజు లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి ఔటర్ రింగ్ రోడ్డు మీద వచ్చేటప్పుడు పక్కన ఎవరైనా కూర్చుని కబుర్లు చెబుతూ మేలుకొలిపి ఉంచాలి. ఏడాదీ రెండు నెలల నుంచి ఏడాదిన్నర లోపు పిల్లలు ఒకే కునుకుకు మారతారు కాబట్టి, అప్పుడు క్రెష్‌వారితో ఈ మాటలన్నీ ఇంకోసారి మాట్లాడుకోవలసి వస్తుంది.